మారిషసు ద్వీపమున రాజ్యపరివర్తనము

ఏలిక మాఱినంతనే ప్రజల భాషయు ధర్మమును మాఱునా యను ప్రశ్నకు హిందూమహాసముద్రమందలి మారిషసు ద్వీపచరిత్ర చక్కని సమాధానము నొసగుచున్నది. మన యుత్తరసర్కారులును ఫ్రెంచివారి చేతినుండి యాంగ్లేయుల వశమైనవే. కాని 1753లో బుస్సీకి లభించిన యా సీమలపై ఫ్రెంచివారి యధికారము 1759లో మచిలీపట్టణపు కోట పడిపోవుటతో నంతరించెను. ఆఱేండ్ల యేలుబడిలో వారి భాష మన పల్లెలకు సోకలేదు. మారిషసుకథ వేఱు.

ఆ ద్వీపమున నాదిమనివాసు లెవరును లేరు. ఫ్రెంచివారు 1715లో దాని నాక్రమించి 'ఇల్ ద ఫ్రాన్స్' అని పేరిడిరి. తోటల యజమానులైన ఫ్రెంచివారును, ఆఫ్రికానుండియు మడగాస్కరునుండియు దేబడిన దాసులును గలిసి యొక క్రొత్తసంఘమైరి. వారి పరస్పరవ్యవహారమున ఫ్రెంచిపదములే యధికముగా గల క్రియోలుభాష పుట్టెను.

1810 డిసెంబరు 3వ తేదీన ద్వీప మాంగ్లేయులకు లొంగిపోయెను. నివాసులు తమ మతమును, శాసనములను, ఆచారములను నిలుపుకొనవచ్చునని లొంగుబాటు షరతులలో నంగీకరింపబడెను. 1814 నాటి పారిసుసంధి యీ ద్వీపమును ఆంగ్లేయులకు స్థిరపఱచి, పొరుగుననున్న బూర్బోనును ఫ్రాన్సునకు మరల నిచ్చెను. ఆంగ్లేయులు పరిపాలనమును గైకొనిరి. చెఱకుతోటలు మాత్రము చాలవఱకు పూర్వపు యజమానులయొద్దనే యుండెను. కావుననే 1847లో నున్నతన్యాయస్థానముల భాషగా నాంగ్లము విధింపబడినను, నెపోలియను ధర్మశాస్త్రమే యచటి పౌరధర్మమునకు నేటికిని మూలమై యున్నది.

ఆంగ్లేయపాలనము మార్చినది జనసంఘమును. 1825లో మారిషసు చక్కెరపై నింగ్లండున నుండిన యధికసుంకము తొలగెను, చెఱకుసాగు విస్తరిల్లెను. 1835లో దాస్యము రద్దయ్యెను. తోటలకు కూలీలు కావలసివచ్చిరి. 1834 మొదలు ఇరువదవ శతాబ్దారంభము వఱకు సుమారు నాలుగున్నర లక్షల భారతీయులు ఒప్పందపుకూలీలుగా నచట దిగిరి. వారిలో మనవారును గలరు. గోదావరీముఖమందలి కోరంగి రేవుపేరనే తెలుగువారిని 'కోరంగీ'లని యచట వ్యవహరించిరి.

ఇందలి విశేష మేమనగా, ఆంగ్లేయుల యేలుబడిలో నాంగ్లేయుల వలసకు బోయిన వీరి సంతతివారు ఇంట నలవఱచుకొన్నది యాంగ్లము కాదు, క్రియోలు. తోటలోను, అంగడిలోను, ఇరుగుపొరుగుతోడను వినియోగపడినది యదియే. రామభజనలును సింహాద్రి అప్పన్న పూజయు నిలిచినవి. ఉగాది యచట సెలవుదినము. తెలుగు పాఠశాలలలో బోధింపబడుచున్నది. అయినను పెక్కిండ్ల తెలుగువారి నిత్యభాషణము క్రియోలే.

1968 మార్చి 12వ తేదీన ద్వీపము స్వతంత్రమయ్యెను. నేటికిని శాసనసభకు నాంగ్లమే యధికారభాష. సభ్యులు సభాధ్యక్షుని ఫ్రెంచిలోనైనను సంబోధింపవచ్చును. ఇట్లు రెండు సామ్రాజ్యముల జాడలును నిలిచియున్నవి. సింహాసనము కచ్చేరీభాషను నిర్ణయింపగలదు. నాలుకపై నాడు భాషను పొలమును అంగడియు నిర్ణయించును. పూజలయందును పాఠములయందును మాత్రమే నిలిచిన భాష యింటినుండి జాఱిపోవునని మారిషసునందలి మనవారి చరిత్ర హెచ్చరించుచున్నది. ఇది భాషాభిమానులెల్లరు గమనింపదగిన విషయము.