రెండేళ్ల కొలువులో విశ్వచరిత్ర

విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లని తేల్చిన శాస్త్రంలో, ఆ లెక్కలు కట్టే యువ పరిశోధకుల ఉద్యోగానికి ఆయుష్షు రెండేళ్లు, మహా అయితే మూడేళ్లు. పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చాక, పర్మనెంట్ అధ్యాపక పదవి దొరికేలోపు చేసే ఈ పరిశోధన కొలువును పోస్ట్‌డాక్ అంటారు. ఒకటి ముగియకముందే ఇంకోదానికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఊరు మారాలి, చాలాసార్లు దేశమే మారాలి. కణభౌతికమూ ఖగోళశాస్త్రమూ కలిసే చోట, అంటే కాస్మిక్ కిరణాలు, న్యూట్రినోలు, డార్క్ మ్యాటర్, విశ్వం తొలి క్షణాల మీద పనిచేసే రంగంలో, ఇలాంటి కొలువులు వరసగా రెండు మూడు చేయడం ఆచారమైపోయింది. దీన్ని సమర్థించేవారు ఒక మాట చెబుతారు: ఉద్యోగంలో నిలకడ లేకపోవడమే మనిషిని పరుగెత్తిస్తుందట, ఆ పరుగులోంచే గొప్ప ఆలోచనలు పుడతాయట. చరిత్రను దగ్గరగా చూస్తే ఈ మాట నిలవదని నా వాదన. పోస్ట్‌డాక్ కొలువు ఎక్కడ ఫలించినా దాన్ని ఫలింపజేసింది తన ప్రశ్నను తానే ఎంచుకునే స్వేచ్ఛ. మొదట ఆ కొలువును కల్పించింది కూడా ఆ స్వేచ్ఛ కోసమే.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1919లో, అమెరికాలో భౌతిక, రసాయన శాస్త్రాలను పెంచడానికి రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బు పెట్టదలచింది. ముందు చర్చకు వచ్చింది ఒక పెద్ద కేంద్ర పరిశోధనాలయం కట్టే ఆలోచన. భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ మిలికన్ వంటివారు మరో దారి చూపించారు: అప్పుడే డాక్టరేట్ పొందిన యువకులకు జీతం ఇచ్చి, పాఠాలు చెప్పే భారం లేకుండా, విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేసుకోనివ్వాలని. ఆ మాటే నెగ్గింది. ఐదేళ్లకు 5 లక్షల డాలర్లు కేటాయించారు, ఎంపిక బాధ్యత నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌కు అప్పగించారు. ఈ ఏర్పాటులో నాకు ముఖ్యంగా కనిపించేది డబ్బు ఎవరి చేతికి వెళ్లిందన్నది. అది ప్రొఫెసర్ ప్రాజెక్టు ఖాతాలో పడలేదు, ఫెలో పేరున వెళ్లింది. ఎక్కడ ఏ పని చేయదలచుకున్నాడో దరఖాస్తులో తానే రాసుకునేవాడు. కొద్దికాలానికే రాక్‌ఫెల్లర్ డబ్బుతోనే ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ బోర్డు ఐరోపాలోనూ ఇలాంటి ఫెలోషిప్‌లు ఇచ్చింది. హైజెన్‌బర్గ్ కోపెన్‌హాగన్‌లో బోర్ దగ్గర గడిపిన తొలి విడతకు జీతం ఆ బోర్డుదే. ఓపెన్‌హైమర్ అమెరికాలో ఒక ఫెలోషిప్ మీద, ఐరోపాలో ఇంకో ఫెలోషిప్ మీద క్వాంటం భౌతికం చేశాడు. గడువు అప్పుడూ ఏడాదో రెండేళ్లో ఉండేది. అది పూర్తయ్యాక ఉద్యోగం దొరుకుతుందా అన్న భయం మాత్రం ఆ పథకం ఉద్దేశంలో భాగం కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. కాస్మిక్ కిరణాల చరిత్రలో అతి పెద్ద ఆవిష్కరణల్లో ఒకటి సొంత ప్రశ్న ఎంచుకున్న ఫెలోది కాదు, ప్రొఫెసర్ అప్పగించిన పని చేసినవాడిది కదా అని. కార్ల్ ఆండర్సన్ 1930లో కాల్టెక్‌లో పీహెచ్‌డీ ముగించి, అక్కడే మిలికన్ దగ్గర రీసెర్చ్ ఫెలోగా ఉండిపోయాడు. బలమైన అయస్కాంత క్షేత్రంలో, కణాల జాడలు చూపే క్లౌడ్ చాంబర్ పెట్టి కాస్మిక్ కిరణాల శక్తి కొలవాలన్నది మిలికన్ పథకం. కాబట్టి పని ప్రొఫెసర్‌దేనన్నది నిజం. అయితే ఆ చాంబర్‌లో తీసిన ఫొటోల్లో ధనావేశం ఉన్న కణాల జాడల్లాంటివి కనిపించినప్పుడు ఏం జరిగిందో చూడాలి. అవి కిందికి దిగే ప్రోటాన్లని మిలికన్ పట్టుబట్టాడు. గీత సన్నగా ఉంది, ప్రోటాన్ అంత తేలికపాటి గీత వదలదని ఆండర్సన్ వాదించాడు. ఆయన మొదటి అనుమానం అవి కిందినుంచి పైకి వెళ్తున్న ఎలక్ట్రాన్లేమోనని. ఆ తగవు తీర్చడానికే చాంబర్ మధ్యలో సీసపు పలక పెట్టాడు. పలక దాటిన కణం శక్తి కోల్పోయి ఎక్కువ వంగుతుంది కాబట్టి అది ఎటునుంచి ఎటు వెళ్లిందో తెలిసిపోతుంది. 1932 ఆగస్టు 2న దొరికిన ఫొటోతో ఇద్దరి అనుమానాలూ పక్కకు పోయాయి. అది ఎలక్ట్రానంత తేలికైన, ధనావేశం గల కొత్త కణం, పాజిట్రాన్. నాలుగేళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. పరికరం ఎవరిదైనా, నోబెల్ గ్రహీత అయిన పెద్దాయనతో కాదని చెప్పి, ఆ కాదన్నదాన్ని పరీక్షకు పెట్టే చోటు ఆ కుర్రవాడికి దొరికింది. నేను స్వేచ్ఛ అంటున్నది దీన్నే.

హైదరాబాద్‌కు దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. నిజామియా వేధశాలలో పనిచేసిన తండ్రి నీడలో నక్షత్రాలు చూడడం నేర్చిన వేణు బప్పు, నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లాడు. డాక్టరేట్ తర్వాత కార్నెగీ ఫెలోషిప్ మీద కాలిఫోర్నియా పెద్ద టెలిస్కోపుల దగ్గర పనిచేశాడు. అక్కడ ఖగోళశాస్త్రవేత్త ఓలిన్ విల్సన్‌తో కలిసి గమనించిన విషయం, ఒక కాల్షియం వర్ణరేఖ వెడల్పును బట్టి నక్షత్రం అసలు కాంతిని అంచనా కట్టవచ్చన్నది, నేటికీ వారిద్దరి పేరుతోనే ఉంది. ఆ పని 1957లో అచ్చయ్యేనాటికి ఆయన భారతదేశంలో వేధశాలలు నిర్మించే పనిలో ఉన్నాడు. ఫెలోషిప్ ముగిశాక ఆయన ఇంకో ఫెలోషిప్ వెతుక్కోలేదు, స్వదేశంలో స్థిరమైన పనికి వచ్చాడు. ఆ తరానికి ఫెలోషిప్ మధ్యలో వచ్చే విడిది.

ఆ విడిది నిరీక్షణగా ఎప్పుడు మారింది? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ప్రభుత్వ నిధులు ప్రొఫెసర్ల ప్రాజెక్టులకు వచ్చిపడ్డాయి. 1957లో సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగరడంతో ఆ ప్రవాహం వరదైంది. ప్రాజెక్టు డబ్బుతో ప్రొఫెసరే పోస్ట్‌డాక్‌ను నియమించుకోవడం మొదలైంది. జీతం ఇచ్చే చేయి మారితే ప్రశ్న అడిగే నోరూ మారుతుంది. పోస్ట్‌డాక్‌లు ఎంతగా పెరిగారంటే, 1969లో వారిమీద వెలువడిన జాతీయ స్థాయి నివేదికకు పెట్టిన పేరుకు అర్థం ‘కంటికి కనిపించని విశ్వవిద్యాలయం’. సరిగ్గా అప్పుడే గాలి తిరిగింది. వియత్నాం యుద్ధపు ఖర్చులు, రక్షణ నిధుల కోత, విశ్వవిద్యాలయాల విస్తరణ ఆగిపోవడం ఒక్కసారిగా మీదపడ్డాయి. అమెరికా ఏటా సుమారు 1,500 మంది భౌతికశాస్త్ర డాక్టరేట్లను తయారుచేస్తున్న రోజులవి. 1971లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ ఉద్యోగ సేవలో 1,053 మంది పేర్లు నమోదు చేసుకుంటే, అక్కడ కనిపించిన ఖాళీలు 53. పోస్ట్‌డాక్ వెంట పోస్ట్‌డాక్ చేసే అలవాటు ఈ లెక్కలోంచి పుట్టింది. దాన్ని శిక్షణ పద్ధతిగా ఎవరూ ఆలోచించి ప్రవేశపెట్టలేదు. ఉద్యోగాలు లేవు కాబట్టి వచ్చింది, తర్వాత పద్ధతి పేరు పెట్టుకుంది.

ఆ 1971లోనే ఎంఐటీ నుంచి తొలి కొలువుకు వెళ్లిన భౌతికశాస్త్రవేత్త అలన్ గూత్ కథను నిలకడలేని కొలువులకు సమర్థనగా తరచూ చెబుతారు. ప్రిన్‌స్టన్‌లో మూడేళ్లు, కొలంబియాలో మూడేళ్లు, కార్నెల్‌లో రెండేళ్లు, తర్వాత కాలిఫోర్నియాలోని స్లాక్ ప్రయోగశాలలో ఒక ఏడాది. తొమ్మిదేళ్ల పాటు పోస్ట్‌డాకే. థీసిస్‌లో వాడిన క్వార్కుల నమూనా ఒకటి రెండేళ్లకే పాతబడిపోయింది. 1978 చివర్లో కార్నెల్‌కు వచ్చిన భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ డిక్కీ ఒక ఉపన్యాసంలో విశ్వం గురించి ఒక చిక్కుముడి చెప్పాడు: తొలి క్షణాల్లో విశ్వం విస్తరించే వేగం వెంట్రుకవాసి తేడాగా ఉన్నా నేటి విశ్వం ఇలా ఉండేది కాదు, మరి అంత కచ్చితంగా ఎలా కుదిరింది? కణభౌతికం చేసే గూత్ విని ఊరుకున్నాడు. అదే సమయంలో కార్నెల్‌లోని మరో యువ పరిశోధకుడు హెన్రీ టై, కొత్త ఏకీకరణ సిద్ధాంతాలు నిజమైతే తొలి విశ్వంలో ఎన్ని అయస్కాంత ఏకధ్రువ కణాలు పుట్టి ఉండాలో లెక్కిద్దామని అడిగాడు. గూత్ నెలల తరబడి వెనకాడాడు. 1979 వసంతంలో కణభౌతికంలో పేరున్న స్టీవెన్ వైన్‌బర్గ్ వచ్చి తొలి విశ్వం మీద ఉపన్యాసాలు ఇచ్చాకే ఆయనకు ఈ దారి నమ్మదగినదిగా తోచింది. లెక్కిస్తే ఏకధ్రువ కణాలు అసాధ్యమైనంత ఎక్కువగా వచ్చాయి. దాన్ని తప్పించే దారి వెతుకుతుండగా, తొలి విశ్వంలో ఆ కణాలను పుట్టించిన స్థితి మార్పు విశ్వం విస్తరణను ఏం చేస్తుందో కూడా చూడాలని టై గుర్తుచేశాడు. డిసెంబరు 6 రాత్రి గూత్ ఆ లెక్క కట్టాడు. విశ్వం ఊహకు అందనంత వేగంగా ఉబ్బి ఉండాలి, అలా ఉబ్బితే డిక్కీ చెప్పిన చిక్కుముడి దానంతటదే విడిపోతుంది. 1981 జనవరిలో అచ్చయిన ఆ వ్యాసంతో ఇన్‌ఫ్లేషన్ సిద్ధాంతం మొదలైంది. అప్పటికే ఎంఐటీ ఆయనను అధ్యాపకుడిగా పిలిచింది.

ఈ కథలో ఫలితానికి దారితీసినవి ఏవో విడదీసి చూస్తే, మూడు కనిపిస్తాయి. వేరే రంగం పెద్దల మాటలు చెవిన పడే చోటు ఉంది. పక్కనే సమాన వయసు మిత్రుడు ఉన్నాడు. చేస్తున్న పని పక్కనపెట్టి మరో దానిమీద ఏడాది గడపగల వీలుంది. ఉద్యోగ భయం చేసిన పని ఏదైనా ఉంటే, బహుశా నెలల తరబడి అలా వెనకాడడంలో కొంత వాటా దానిదే కావచ్చు. రాబోయే ఉద్యోగం వ్యాసాల మీద ఆధారపడినవాడు ఊహల్లో తేలే సమస్య జోలికి తేలిగ్గా పోడు. మరో సాక్ష్యం మాస్కో నుంచి వస్తుంది. గూత్‌తో దాదాపు ఒకేసారి, 1980లో, అలెక్సీ స్టారోబిన్‌స్కీ గురుత్వాకర్షణ వైపునుంచి వచ్చి, విశ్వం మొదట్లోనే అలా ఉబ్బే నమూనా ప్రచురించాడు. ఆయన లాండావ్ ఇన్‌స్టిట్యూట్‌లో స్థిరంగా ఉన్నవాడు, రెండేళ్లకోసారి ఊరు మారినవాడు కాదు. గూత్ సిద్ధాంతంలో మిగిలిన పెద్ద లోపాన్ని 1982లో సరిచేసినవారిలో ఒకడైన ఆండ్రే లిండే కూడా మాస్కోలోని లెబెదెవ్ ఇన్‌స్టిట్యూట్ మనిషే. సోవియట్ శాస్త్రవేత్తలకు వేరే సంకెళ్లు ఉండేవి, ప్రయాణానికీ ప్రచురణకూ అనుమతులు కావాలి. ఆ వ్యవస్థను ఆదర్శమని అనడం లేదు. గడువు కత్తి మెడమీద లేకపోయినా అదే ఆలోచన పుట్టిందని మాత్రం అది రుజువు చేస్తుంది. ఇక ఆ 53 ఖాళీలు దొరకని వెయ్యి మంది మాటేమిటి? తొమ్మిదేళ్లు తట్టుకున్న ఒకరి కథ మనదాకా వచ్చింది. మూడో ఏట మానేసినవారి దగ్గర ఏ ఆలోచన ఉండిందో ఎవరూ రాసిపెట్టలేదు. గెలిచినవారిని మాత్రమే లెక్కించి పందెం మంచిదనడం న్యాయం కాదు.

తిరగడం వల్ల రంగాలు కలుస్తాయన్న వాదనలో మాత్రం బలం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. డెబ్బైలలో కణభౌతికానికి నిధులు పడిపోవడంతో ఆ విద్యార్థులు గురుత్వాకర్షణ, విశ్వశాస్త్రాల వైపు చూశారని శాస్త్ర చరిత్రకారుడు డేవిడ్ కైజర్ చూపించాడు. 1983లో ఫెర్మీల్యాబ్ అనే కణత్వరణి కేంద్రంలో, నాసా డబ్బుతో, రాకీ కోల్బ్, మైకేల్ టర్నర్ ఒక ఖగోళభౌతిక బృందం పెట్టారు. ఈ రంగానికి ఇల్లంటూ దొరికింది అప్పుడే. అలాంటి చోట్లకు యువకులు వచ్చి వెళ్లడం మంచిదే. అయితే రావడం వేరు, వెళ్లగొట్టబడడం వేరు. 1919 నాటి ఫెలో కూడా ఊరు మారాడు, తాను ఎంచుకున్న ఊరికి మారాడు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం పెద్ద ప్రయోగాల నుంచి వస్తుంది. దక్షిణ ధ్రువపు మంచులో ఘన కిలోమీటరు మేర సెన్సర్లు దించిన ఐస్‌క్యూబ్, గురుత్వ తరంగాలు పట్టే లైగో లాంటివి వందలాది చేతులతో నడిచేవి. అక్కడ ప్రతివారూ తన ప్రశ్న తానే ఎంచుకుంటే పని సాగదు. నిజమే. కానీ 2015 సెప్టెంబరు 14న మొదటి గురుత్వ తరంగాన్ని ముందుగా చూసినవాడు జర్మనీలోని హానోవర్‌లో ఉన్న పోస్ట్‌డాక్ మార్కో డ్రాగో. కంప్యూటర్ పంపిన సందేశం తెరిచి, అంత స్పష్టమైన సంకేతం పరీక్ష కోసం ఎవరో కావాలని చొప్పించినదేమోనని అనుమానించి, సహచరుడు ఆండ్రూ లండ్‌గ్రెన్ దగ్గరికి వెళ్లాడు. ఇద్దరూ అమెరికాలోని లైగో కంట్రోల్ రూముకు ఫోన్ చేశారు. పరికరం గుణగణాలు ఒంటబట్టించుకున్నవారికే అలాంటి అనుమానం వస్తుంది. అలాంటి మనిషిని తయారుచేసుకుని, గడువు తీరిందని పంపించేసి, కొత్తవారికి మళ్లీ మొదటినుంచి నేర్పించడం ప్రయోగానికే నష్టం. పెద్ద ప్రయోగాలకు సరిపోయేది రెండేళ్ల కొలువు కాదు, పరిశోధకుడిగా స్థిరపడే పదవి. అది ప్రొఫెసర్ పదవే కానక్కరలేదు.

అందరికీ స్థిరమైన పదవులు ఇవ్వడం కుదరదని అంటారు. నేనూ అంత అడగడం లేదు. చిన్న మార్పులు ఎంత మేలు చేస్తాయో ఈ రంగమే చూపించింది. ఫిబ్రవరి 15కు ముందు జవాబు చెప్పమని అభ్యర్థిని ఒత్తిడి చేయకూడదని అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ పెట్టిన నియమం వల్ల, వచ్చిన అవకాశాలన్నీ పక్కపక్కన పెట్టుకుని చూసుకునే వీలు కలిగింది. 1990లో మొదలైన హబుల్ ఫెలోషిప్ మూడేళ్ల జీతాన్ని అభ్యర్థి పేరునే ఇచ్చి, అతిథి సంస్థను అతన్నే ఎంచుకోమంటుంది. 1919 నాటి పద్ధతికి తిరిగి ప్రాణం పోసిందది, కాకపోతే దొరికేది కొద్దిమందికే. మన దేశంలో సీఎస్ఐఆర్ 1958లో విదేశాల నుంచి తిరిగొచ్చిన శాస్త్రవేత్తలకు ఉద్యోగం దొరికేదాకా చోటిచ్చే సైంటిస్ట్స్ పూల్ పెట్టింది. నేటి రామానుజన్, ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్‌లు ఐదేళ్లు ఇస్తాయి, ఆ తర్వాతి ఏర్పాటు సంస్థల దయకు వదిలేస్తాయి. ఒకప్పటి హైదరాబాద్ సంస్థానంలో భాగమైన హింగోలి ప్రాంతంలో లైగో-ఇండియా కట్టడానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్ల రూపాయలు ఆమోదించింది. సొరంగాల్లాంటి నాలుగు కిలోమీటర్ల గొట్టాలకూ అద్దాలకూ లేజర్లకూ లెక్క వేసినంత శ్రద్ధగా, వాటి దగ్గర పదేళ్లు కూర్చుని ఆ పరికరం ప్రతి చప్పుడునూ గుర్తుపట్టగలిగే యువకుల జీతాలకూ పదవులకూ ఇప్పుడే, పునాదుల దశలోనే, లెక్క వేయాలి.