నాణెముల అపురూపత, స్థితి నిర్ణయము : కోలారు సీమ పరిశీలన

కోలారు తాలూకాలోని సుగటూరు నేడొక గ్రామము. విజయనగర ప్రభువులచే ‘చిక్కరాయ’ బిరుదమును పొంది కోలారు, హొసకోట ప్రాంతముల నేలిన పాళెగాండ్రకు ఈ ఊరిపేరే వంశనామమైనది. వారి పిదప ఈ సీమ బిజాపురము, మొగలాయి, మైసూరు ప్రభుత్వములకు లోబడినది. హైదరాలీ జన్మస్థలమగు బూదికోట ఈ జిల్లాలోనిదే. 1880లో జాన్ టైలర్ సంస్థవారు పని నారంభించినది మొదలు 2001లో గనులు మూతబడు వరకు ఈ నేల సుమారు 800 టన్నుల బంగారము నిచ్చినది. ఇన్ని రాజ్యములను చూచి, ఇంత బంగారము పండిన సీమలో పాత బంగారు నాణెము కంటబడుట అరుదు. ఏల? అపురూపత యనగా నేమో తెలిసిన గాని దీనికి సమాధానము దొరకదు.

ఎన్ని నాణెములు ముద్రింపబడెనో ఆ లెక్క వేరు. ఎన్ని మిగిలెనో ఆ లెక్క వేరు. అపురూపతకు రెండవదియే ప్రమాణము. 1911 నాటి అయిదవ జార్జి రూపాయి దీనికి నిదర్శనము. రాజు అంగవస్త్రముపై ఏనుగు బొమ్మ పందివలె నున్నదని ప్రజలలో అలజడి పుట్టెను. ముద్రించిన 94 లక్షలలో సుమారు 7 లక్షలు మాత్రమే ప్రజల చేతికి వచ్చినవి; మిగిలినవి కరగింపబడినవి.

అమెరికా వెండి డాలరు కథ మనకు మరింత దగ్గరిది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఇండియాలో రూపాయలకు వెండి చాలలేదు. 1918లో చేసిన పిట్‌మన్ చట్టము ననుసరించి అమెరికావారు 27 కోట్లకు పైగా డాలరు నాణెములను కరగించిరి. అందు దాదాపు 26 కోట్ల నాణెముల వెండి మన రూపాయల కొరకు బ్రిటిషువారికి అమ్మబడినది. ఏ సంవత్సరపు డాలర్లు ఎన్ని కరగినవో లెక్క వ్రాసి యుంచలేదు. అందుచేత ముద్రణ లెక్కలను చూచి ఆ నాణెముల అపురూపతను నిర్ణయించుట నేటికిని సాధ్యము కాదు. న్యూ ఆర్లియన్సు టంకశాల 1903లో ముద్రించిన డాలరు మిక్కిలి అరుదని చిరకాలము నమ్మిరి. 1962లో ప్రభుత్వ ఖజానానుండి వాని సంచులు బయటపడగానే వెల ఒక్కసారిగా పడిపోయినది.

ఇక స్థితి. 1949లో విలియం షెల్డన్ అను అమెరికా పండితుడు పాత సెంటు నాణెములకై 1 నుండి 70 వరకు అంకెల కొలత నేర్పరచెను. పోలిక పట్టుటకు మాత్రమే వీలుగా అరిగినది 1. ఏ లోపమును లేనిది 70. చలామణిలో అరుగని నాణెములు 60 మొదలుకొని పై అంకెలలో చేరును. తరువాత ఈ కొలతనే డాలర్లకును వర్తింపజేసిరి. బొమ్మలో ఉబ్బెత్తుగా నున్న చోట్లు ముందుగా అరుగును గనుక పరీక్షకులు మొదట చూచునది ఆ చోట్లనే.

ఈ కొలత యంత్రముద్రిత నాణెములకు సరిపోవును గాని మన సీమలో చలామణియైన చేతిముద్ర నాణెములకు యథాతథముగా సరిపోదు. కంఠీరవ నరసరాజ ఒడెయరు (1638–1659) ముద్రించిన చిన్న బంగారు హణముపై నరసింహమూర్తి పూర్తిగా కనబడకపోవుట అరుగుదల కాకపోవచ్చును; ముద్ర పెద్దది, బిళ్ల చిన్నది. 1763లో బెదనూరును జయించిన పిదప హైదరాలీ ఇక్కేరి వరహాపైని శివపార్వతుల ప్రతిమను అట్లే నిలిపి, రెండవ ప్రక్కన తన పేరిలోని మొదటి పారసీ అక్షరమును ముద్రించెను. అట్టి వరహాలో అంచు బొమ్మ లోపించినంత మాత్రమున దానిని హీనమని త్రోసివేయరాదు. ముద్రలోపమును, అరుగుదలను వేరుపరచి చూచుటయే పరీక్షకుని పని.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. గనుల బంగారము కడ్డీలుగా విదేశమునకు తరలినది. ఇండ్లలోని వరహాలు, హణములు పెండ్లిండ్లకు నగలు చేయించునపుడు కంసాలి మూసలోనికి పోయినవి. కాసులపేరులో చేరినవి కరగకుండ మిగిలినను, కొక్కెము అతికించినందున వాని స్థితి చెడినది. అయినను చరిత్రకు అవి మేలే చేసినవి: చెడిన నాణెమును చదువవచ్చును, కరగిన నాణెమును చదువలేము. చింతపండుతో తోమిన నాణెము మెరయును గాని దాని పైపొర గీతలుపడి పోవును. ఆ మెరుపును చూచి పరీక్షకుడు దాని తరగతిని తగ్గించునే గాని పెంచడు.

కావున ఈ సీమలోని తెలుగు కుటుంబములవారికి నా మనవి. పెట్టెలోని పాత నాణెమును తోమకుడు. కరగింపక తప్పనిచో ముందుగా దానిని తూచి, రెండు ప్రక్కలను ఛాయాచిత్రము తీయించి, ఏ ఊరిలో ఎవరి నుండి సంక్రమించినదో వ్రాసి యుంచుడు. భూమిలో దొరికిన నిధిని చట్టప్రకారము జిల్లా అధికారులకు తెలుపుడు. మన పిల్లలు బడిలో తెలుగు లిపి నేర్చుచున్నారు. తాతల నాణెములపైని నాగరి, కన్నడ, పారసీ అక్షరములను గుర్తించుటయు వారికి నేర్పినచో, మూసలోనికి పోవుటకు ముందే కొన్ని నాణెములైనను చరిత్రకు దక్కును.