చివరి వరుసకు వినపడాలి

2014 సెప్టెంబర్ 9. హన్మకొండ బాలసముద్రంలోని హయగ్రీవాచారి మైదానం. తెలంగాణ రాష్ట్రం వచ్చి అప్పటికి నాలుగు నెలలు కూడా నిండలేదు. కాళోజీ నారాయణరావు పుట్టి సరిగ్గా నూరేళ్లు. జనం నోట నలిగే భాషలోనే రాయాలని జీవితమంతా పట్టుబట్టిన ఆ ప్రజాకవి పేరు మీద, ఆయన నడిచిన ఊళ్లోనే, ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు ఒక కళాక్షేత్రానికి శంకుస్థాపన చేశారు.

ఆ శిలాఫలకం ముందు నిలబడ్డ నాటకాల వాళ్లకు, పాటల వాళ్లకు, పేరిణి నృత్య గురువులకు అదెంత పెద్ద మాటో బయటివాళ్లకు తెలియదు. ఓరుగల్లులో కళకు కొరత ఎప్పుడూ లేదు. కొరత గోడలకు, పైకప్పుకు. పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ల వేణుమాధవ్ పేరిట కళాప్రాంగణం ఉంది. అది దాటితే అప్పటికి కాలేజీ హాళ్లు, ఫంక్షన్ హాళ్లు. పెళ్లి కోసం కట్టిన హాల్లో నాటకం వేయడమంటే ఏమిటో వేసినవాళ్లనే అడగాలి. నున్నటి పాలరాతి నేల, అద్దాల కిటికీలు, ఎత్తయిన కప్పు. రాయబారం సీనులో కృష్ణుడు పద్యం ఎత్తుకుంటాడు. రాగం బాగానే వినిపిస్తుంది, మాట మాత్రం ముద్దయిపోతుంది. ముందు వరుసలో పెద్దమనుషులు తల ఊపుతుంటారు. వెనక నిలబడ్డ కుర్రాడికి పద్యం అర్థం కాదు, మెల్లగా బయటకు నడుస్తాడు. నాటకం నుంచి ఒక తరం దూరం కావడంలో సినిమాకు, టీవీకి ఎంత వాటా ఉందో ఇలాంటి హాళ్లకూ అంత వాటా ఉందని నా గట్టి నమ్మకం.

వేణుమాధవ్ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. వరంగల్‌లో పుట్టి, 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చిన ధ్వన్యనుకరణ సామ్రాట్టు. ఆయన వేదిక మీద ఉండేది ఒక మనిషి, ఒక మైకు, అంతే. మైకుకు పెదవులు ఎంత దగ్గరగా తెస్తే గొంతులో మంద్రం అంత బరువెక్కుతుంది. కాస్త వెనక్కి జరిగితే అదే గొంతు పలచబడి, దూరం నుంచి పిలిచినట్టు ఉంటుంది. ధ్వన్యనుకరణ చేసేవాళ్లకు ఈ జానెడు దూరమే వాద్యం. హాలు దాన్ని చెడగొట్టకుండా అలాగే చివరి కుర్చీకి చేర్చాలి. చేర్చకపోతే పది గొంతులూ ఒకే గొంతులా వినిపిస్తాయి.

హాలు మాటను ఎందుకు మింగేస్తుందో మొదటిసారి లెక్కగట్టిన కథ అమెరికాలో, అర్ధరాత్రి వేళల్లో జరిగింది.

1895. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం కొత్తగా కట్టారు. భవనం అందంగా ఉంది, కానీ అందులోని ఉపన్యాసాల గదిలో ఒక్క ముక్క అర్థం కావడం లేదు. దాని సంగతి చూడమని భౌతికశాస్త్రం చెప్పే కుర్ర ప్రొఫెసర్ వాలెస్ సబైన్‌కు పని అప్పగించారు. పగలు వీధి రొద. అందుకే ఊరంతా పడుకున్నాక సహాయకులను వెంటబెట్టుకుని వచ్చేవాడు. పక్కనున్న శాండర్స్ థియేటర్ కుర్చీల మీది పరుపులు మోసుకొచ్చేవాళ్లు. ఆర్గన్ గొట్టం ఒకటి మోగించి ఠక్కున ఆపేవాడు. చీకట్లో చెవి రిక్కించి, ఆ శబ్దం పూర్తిగా చచ్చేదాకా గడియారం చూసేవాడు. ఖాళీ గదిలో అయిదున్నర సెకన్లు! అంటే వక్త పలికిన మొదటి మాట ఇంకా గదిలో తిరుగుతుండగానే పది పన్నెండు మాటలు దాని మీద వచ్చి పడుతున్నాయన్నమాట. కొన్ని పరుపులు వేసి మళ్లీ కొలిచేవాడు, ఇంకొన్ని వేసి మళ్లీ. తెల్లారేలోగా పరుపులన్నీ తిరిగి థియేటర్‌కు చేరాలి. ఏళ్ల తరబడి అలాగే చేశాడు. చివరకు తేలింది ఒక సూత్రం: గది ఘనపరిమాణం పెరిగేకొద్దీ ధ్వని ఎక్కువసేపు నిలుస్తుంది, గోడలు, తెరలు, కుర్చీలు, మనుషుల ఒళ్లు దాన్ని పీల్చేకొద్దీ తొందరగా ఆగుతుంది. ఆ లెక్కతో కట్టిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో తెరుచుకుంది, ఈనాటికీ ప్రపంచంలో మేటి సంగీత మందిరాల్లో ఒకటిగా నిలిచింది.

అయితే మనవాళ్లు చెవితో ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నారు. భరతుడి నాట్యశాస్త్రం రెండో అధ్యాయం నిండా నాట్యగృహం కొలతలే. పెద్దది 108 హస్తాలు, మధ్యమం 64, చిన్నది 32. మనుషులకు మధ్యమమే తగినదని చెప్పి, కారణం కూడా చెప్పాడు: అంతకంటే పెద్దదైతే మాట పలచబడి వికారమవుతుంది, ముఖంలో భావం కనపడదు. నాట్యమండపం కొండగుహలా ఉండాలని, కిటికీలు చిన్నవై గాలి జొరబడకుండా ఉంటే గొంతుకూ వాద్యాలకూ గంభీరత వస్తుందని కూడా అన్నాడు. 64 హస్తాలంటే దాదాపు 96 అడుగులు. నేటి రంగస్థల నిపుణులు నటుడి ముఖం స్పష్టంగా కనిపించే హద్దుగా చెప్పే దూరం కూడా ఇంచుమించు అంతలోపే ఉంటుంది. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి, అంటే ఏనుగుల దళాధిపతి, జాయపసేనాని 1253 ప్రాంతంలో నృత్తరత్నావళి అనే నాట్యగ్రంథం రాసింది ఈ సంప్రదాయంలోనే. 1213 నాటి రామప్ప గుడి రంగమండపం హన్మకొండకు గంటన్నర ప్రయాణం. ఈ గడ్డకు వేదిక కొత్త కాదు.

మళ్లీ బాలసముద్రం వద్దాం. శంకుస్థాపన తర్వాత ఏళ్లు గడిచాయి. నిధులు వస్తూ ఆగుతూ, పనులు సాగుతూ నిలుస్తూ, మొండి స్తంభాలు ఎండకు ఎండి వానకు తడిశాయి. ఊళ్లో ప్రతి సెప్టెంబరులో, కాళోజీ జయంతి నాడు, కళాకారులు అదే ప్రశ్న వేశారు. ఆ తర్వాత పని కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ చేతుల మీదుగా ముందుకు కదిలింది. ఇలాంటి ఆలస్యం మనకొక్కరికే రాలేదు. సిడ్నీ ఒపేరా హౌస్ 1959లో మొదలై 1973లో గానీ తెరుచుకోలేదు. 70 లక్షల డాలర్లతో అయిపోతుందన్నది 10 కోట్ల 20 లక్షలు తిన్నది. దాని రూపశిల్పి యోర్న్ ఉట్జన్ మధ్యలోనే, 1966లో, తప్పుకున్నాడు. మన పని కోసం చెప్పుకోవలసింది మరొకటుంది. అంత పేరున్న ఆ భవనంలోని పెద్ద సంగీత మందిరంలో ధ్వని సరిగా లేదని కళాకారులు దశాబ్దాలు మొత్తుకున్నారు. చివరికి మూసి, సరిచేసి, 2022లో మళ్లీ తెరిచారు. భవనం కట్టడం ఒక పని, దానికి చెవి పెట్టడం వేరే పని.

2024 హన్మకొండకు ఎవరూ కలిపి చూడని ఒక కలయికను తెచ్చింది. 1163 నాటి వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని 2006లో రాయి రాయి విప్పి, మళ్లీ పేర్చి, మార్చి 8న, శివరాత్రి నాడు తెరిచారు. అదే ఏడాది నవంబర్ 19న ముఖ్యమంత్రి ఎ.రేవంత్ రెడ్డి కాళోజీ కళాక్షేత్రాన్ని ప్రారంభించారు. నాలుగెకరాలకు పైగా స్థలం, రూ.90 కోట్లకు పైగా ఖర్చు, 1,100 మందికి పైగా కూర్చునే ప్రధాన సభామందిరం. శంకుస్థాపనకూ దీనికీ మధ్య పదేళ్లు దాటాయి.

ఇంత పెద్ద మందిరంలో ఒక మాట ప్రయాణం ఎలా ఉంటుందో చూడండి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. నటుడి గొంతు నేరుగా చెవికి చేరాక, గోడకో కప్పుకో తగిలిన అదే గొంతు సెకనులో ఇరవయ్యో వంతు లోపల వస్తే మాటకు బలమిస్తుంది. ఆ గడువు దాటి గట్టిగా వస్తే మాటను చెరిపేస్తుంది. అందుకే పక్కగోడలు కొంత ఏటవాలుగా, వెనకగోడ మెత్తగా ఉండాలంటారు. మాటకు ధ్వని సుమారు ఒక సెకను నిలిస్తే చాలు, కచేరీకి ఇంచుమించు రెండు సెకన్లు కావాలి. ఒపేరాకు ఈ రెంటి నడిమి కొలత. మన పద్యనాటకమూ అంతే, ఎందుకంటే పద్యంలో మాటా ఉంది, రాగమూ ఉంది. ఒకే హాల్లో ఇవన్నీ జరగాలంటే అవసరాన్నిబట్టి దింపే మందపు తెరలు, తిప్పే పలకలు ఉండాలి. దూరాన వేలాడే స్పీకర్లను లెక్కగట్టి కాస్త ఆలస్యంగా పలికించాలి, లేకపోతే వెనకవాళ్లకు ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. ఏసీ గాలి వెడల్పాటి గొట్టాల్లోంచి నెమ్మదిగా రావాలి. దాని గుర్రు నటుడి గుసగుసను మింగకూడదు.

ఇక వెలుతురు. 1885లో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లు తెరలతో, తీగలతో, దీపాలతో మాయాబజార్ మాయలు చూపిస్తూ వచ్చారు. చేతిలో ఉన్నదెంత అన్నది కాదు, దేని మీద వెలుగు పడాలో వాళ్లకు తెలుసు. నాటకానికి ముఖం కావాలి. అందుకే ప్రేక్షకుల తలల పైనుంచి, రెండు పక్కల నుంచి, నలభై అయిదు డిగ్రీల వాలులో దీపాలు పడాలి, ఒకటి వెచ్చని రంగు, ఒకటి చల్లని రంగు. ముందు నుంచి మాత్రమే వేస్తే ముఖం పలకలా చదునైపోతుంది. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ మళ్లీ ప్రాణం పోసిన పేరిణికి లెక్క వేరు. అక్కడ ఒళ్లే భాష. పక్క వింగుల్లో, నడుము ఎత్తున, మోకాలి ఎత్తున దీపాలుంటేనే కండ తిరిగిన ఒళ్లు రామప్ప శిల్పంలా లేచి నిలుస్తుంది. ఈ రెండూ తెలిసిన మనిషి దీపాల పలక దగ్గర కూర్చోకపోతే కోట్ల రూపాయల పరికరాలన్నీ సభల్లో దండలు వేసేటప్పుడు వెలిగే లైట్లుగా మిగిలిపోతాయి.

నా భయం అదే. మన జిల్లాల్లో కళ పేరిట కట్టిన చాలా భవనాలు సమీక్షా సమావేశాలకు, సన్మానాలకు అలవాటు పడ్డాయి. పదేళ్లు కాచుకుని సాధించుకున్నది అటు పోకూడదు. కాళోజీ కళాక్షేత్రానికి జీతమిచ్చి ఉంచుకునే ధ్వని నిపుణుడు, దీపాల నిపుణుడు, రంగాలంకరణ తెలిసిన మనిషి కావాలి. నిండు సభలో ఒకసారి, ఖాళీ సభలో ఒకసారి ధ్వనిని కొలిపించి, ఆ అంకెలు అందరికీ కనపడేలా పెట్టాలి. లోపం తేలితే సిడ్నీలా యాభై ఏళ్లు ఆగకుండా సరిచేయాలి. ఊరి నాటక సమాజాలకు, జానపద బృందాలకు అద్దె అందుబాటులో ఉండాలి. రిహార్సల్‌కు కనీసం ఒక పూర్తి రోజు వేదిక ఇవ్వాలి, ఎందుకంటే దీపాలు అమర్చకుండా, గొంతు సరిచూసుకోకుండా వేసే నాటకం మళ్లీ ఫంక్షన్ హాలు నాటకమే అవుతుంది.

మిగిలింది మన పని. హన్మకొండ, వరంగల్, కాజీపేట వాసులారా, ఈసారి అక్కడ నాటకం పడితే టికెట్ కొనుక్కుని వెళ్లండి, పాసుల కోసం అడక్కండి. పిల్లల్ని తీసుకెళ్లి వెనక వరుసలో కూర్చోండి. మాట వినపడకపోతే బయటకు రాగానే నిర్వాహకులకు కాగితం మీద రాసివ్వండి.