రూపాయిపై చార్మినారు

పిల్లలకు పాత నాణెముల లెక్క నేర్పబూనినవారు తొలుత ఎక్కములవలె పట్టికను వల్లె వేయింతురు. పండ్రెండు పైలొక అణా, పదహారణాలొక రూపాయి యని బాలుడు కంఠస్థము చేయునే గాని, ఆ అణా ఏ అంగడి అరుగుపై, ఎవరి చేతినుండి ఎవరి చేతికి మారెనో వాని యూహకందదు. ఈ లోపమును పాత ఛాయాచిత్ర మొక్కటి తీర్పగలదు.

ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలమునుండి హైదరాబాదు నగర దృశ్యములు మనకు చిత్రములుగా దక్కియున్నవి. నాటి బజారు చిత్రము నొకదానిని ముందుంచి, వర్తకుడెచట కూర్చున్నాడు, కొనువాడెచట నిలిచినాడు, వెల యెచట వ్రాయబడినది యని అడిగినచో, వర్తకుడు అరుగుపైనను కొనువాడు వీధిలోను ఉండుటయు, వెలచీటి యెచటను కానరాకుండుటయు పిల్లలే కనిపెట్టి, ఆ దినములలో వెల నోటిమాటతో, బేరముతో తేలుచుండెడిదని తామే గ్రహింతురు.

అయితే చిత్రమున సరకు కనబడునుగాని సొమ్ము కనబడదు. అపుడు గురువు నిజాము రాజ్యపు సొమ్మైన ఒక హాలీ రూపాయిని వారి చేతికీయవలెను. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లనుండి ఆ వెండి నాణెముపై చార్మినారే ముద్రింపబడుచుండెను. నడిమి కమాను క్రింద ప్రభువు పేరిటి తొలి యక్షరము, మహబూబునకు 'మీమ్', ఆయన వెనుక వచ్చిన ఏడవ నిజాము ఉస్మానునకు 'ఐన్', నిలిచియుండును. వీధిలోని కట్టడమును అరచేతిలో చూచిన బాలునకు, సొమ్మునకును ఒక ఊరు గలదని బోధపడును. బెజవాడకు పోవు వర్తకుడు బ్రిటిషువారి 6 కల్దారు రూపాయలకై ఇంచుమించు 7 హాలీ రూపాయలు లెక్కింపవలసి వచ్చుట వానికిక వింతగా తోపదు.

1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వెలువడగా, రూపాయికి 100 నయాపైసలయినవి. అణాకు ఆరుంబావు వచ్చుటచే, మార్పిడి పట్టికలో ఒక అణాకు 6, మూడణాలకు 19, నాలుగణాలకు 25 నయాపైసలుగా నిర్ణయించిరి. అణా వెలగల వస్తువులను నాలుగింటిని ఒక్కసారిగా కొనక, విడివిడిగా నాలుగుమారులు కొన్నవానికి ఒక నయాపైస మిగులును! ఈ కిటుకును గురువు చెప్పివేయరాదు. బొమ్మలోని అంగడిని తరగతిలోనే తెరిపించి, బేరమాడించి, పిల్లలచేతనే పట్టింపవలెను.

అణాలు చెల్లక పోయి ఎన్నాళ్లయినను, పదహారణాల మాట మన యిండ్లలో చెల్లుచునే యున్నది. ఈ పాఠము విన్న పిల్లవాడు ఇంటికి పోయి, "పదహారణాల నిజమందువు గాని, నూరు పైసల నిజమనవేమి అవ్వా?" యని అడిగినచో, వానికి పాఠము పట్టుపడినట్లే.