కెఫిర్ గింజలు ఎవరింటివి?

పెరుగుకి తోడు లేకపోతే గిన్నె పట్టుకుని పక్కింటి తలుపు తడతాం. అదీ కుదరకపోతే గోరువెచ్చని పాలల్లో నాలుగు మిరపకాయ తొడిమలు వేసి మూత పెడితే, పలచగానో జిగటగానో మర్నాటికి ఏదో ఒక పెరుగు తయారవుతుంది. కెఫిర్‌కి ఆ వెసులుబాటు లేదండీ. గింజలు ఉన్నవాళ్ళు ఇస్తేనే మనకి వస్తాయి. వాళ్ళకి ఇంకొకరు, ఆ ఇంకొకరికి మరొకరు ఇచ్చి ఉంటారు. అలా వెనక్కి వెనక్కి వెళ్తే రష్యా దక్షిణపు కొసన, కాకసస్ కొండల్లో పశువులు కాచుకుని బతికిన కరాచాయ్, బల్కార్, ఒసేతియన్ వాళ్ళ ఇళ్ళ దగ్గర తేలతాం.

గింజలు అంటున్నాం గానీ అవి నాటితే మొలిచేవి కావు. ఉడికిన కాలీఫ్లవర్ తునకల్లా తెల్లగా, నొక్కితే మెత్తగా ఉంటాయి. బ్యాక్టీరియా, ఈస్ట్ కలిసి కాపురం చేస్తూ తమ చుట్టూ తామే కట్టుకున్న జిగురు గూడు అది. ఆ జిగురుకి కెఫిరాన్ అని పేరు. లోపలుండే సూక్ష్మజీవుల్ని విడివిడిగా తెచ్చి పాలల్లో కలిపినంత మాత్రాన గింజ కట్టదు. అందుకే చాలా పెద్ద డైరీలు గింజల జోలికి పోకుండా పొడి తోడుతో పని కానిచ్చేస్తాయి. అదీ కెఫిర్ పేరుతోనే అమ్ముతారు కానీ, దాన్నుంచి గింజలు పుట్టవు.

వీటిని పోషించడం పసిపిల్లని సాకినంత కష్టమేం కాదు, అలాగని మర్చిపోతే ఊరుకునేవీ కావు. కాచి పూర్తిగా చల్లార్చిన పాలు ఒక గ్లాసు, గింజలు ఒక చెంచా. గాజు సీసాలో వేసి పైన పలచటి గుడ్డ కట్టాలి. చలి దేశాల్లో ఒక రోజు పట్టేది మన ఎండాకాలంలో ఎనిమిది, పది గంటల్లోనే అయిపోతుంది. అడుగున తేట విడిపోయి కనిపిస్తోందంటే ఆలస్యం చేశారన్నమాటే. వడగట్టి, గింజల్ని వెంటనే కొత్త పాలల్లో వెయ్యాలి. వేడి పాలు పోస్తే మాత్రం చచ్చిపోతాయి. ఊరెళ్ళేటప్పుడు పాలల్లోనే ఉంచి ఫ్రిజ్‌లో పెడితే ఓ వారం నిద్రపోతాయి. ఈస్ట్ వల్ల కాస్త గ్యాసు, రవ్వంత ఆల్కహాలు కూడా తయారవుతాయి. చంటిపిల్లలకీ, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకీ డాక్టరుని అడగకుండా ఇవ్వొద్దు.

ఆ కొండల్లో గాజు సీసాలెక్కడివి? మేకతోలు తిత్తిలో పాలు పోసి ఇంటి గుమ్మం దగ్గర వేలాడదీసేవారట. వచ్చేపోయేవాళ్ళు దాన్ని ఓ తన్ను తన్నాలి, పాలు కదలడానికి. పిల్లల అల్లరికి ఇంతకన్నా మంచి ఉపయోగం ఉంటుందా! ప్రవక్తే స్వయంగా ఈ గింజల్ని ఇచ్చారనీ, బయటివాళ్ళకి ఇస్తే వాటి మహిమ పోతుందనీ అక్కడ ఒక నమ్మకం ఉండేదని చెబుతారు.

ఇక్కడే అందరూ ఇష్టంగా చెప్పుకునే కథొకటి ఉంది. రష్యన్ డాక్టర్లు కెఫిర్ కావాలని పాల వ్యాపారులైన బ్లాండోవ్ సోదరుల్ని అడిగారట. వాళ్ళు ఇరీనా సఖరోవా అనే ఇరవయ్యేళ్ళ అందమైన అమ్మాయిని కాకసస్‌లోని బెక్ మీర్జా బార్చోరోవ్ అనే ప్రభువు దగ్గరికి పంపారట. అతను గింజలివ్వలేదు సరికదా, పెళ్ళి చేసుకుంటానని ఆమెను ఎత్తుకుపోయాడట. ఆమెని విడిపించాక కోర్టులో పరిహారంగా బంగారం, నగలు ఇస్తామన్నా కాదని, పది పౌన్ల కెఫిర్ గింజలు అడిగిందట. 1908లో మాస్కోలో కెఫిర్ సీసాలు అమ్మకానికి వచ్చాయంటారు.

సినిమా కథలా ఉంది కదా. నాకైతే చదివినప్పుడల్లా చిరాకే వస్తుంది. ఒక ఆడపిల్లని ఎరగా పంపారన్న సంగతి పక్కకిపోయి, అదేదో సాహసగాథలా, ప్రేమకథలా తిప్పుతారు. పైగా ఇందులో ఎంత నిజమో కూడా అనుమానమే. 1880ల తొలినాళ్ళలోనే ఎడువర్డ్ కెర్న్ అనే పరిశోధకుడు మాస్కోలో కెఫిర్ గింజల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. ఆ దశాబ్దంలోనే రష్యన్ డాక్టర్లు కెఫిర్ వైద్యం మీద పుస్తకాలూ వేశారు. అంటే కొండ దిగి గింజలు అప్పటికే నగరానికి వచ్చేశాయి. ఎవరో ఇచ్చారు కాబట్టే వచ్చాయి. ఇచ్చినవాళ్ళ పేర్లు మాత్రం ఏ కథలోనూ లేవు.

సోవియట్ రోజుల్లో కెఫిర్ ఇంటింటి పానీయమైంది. ఆసుపత్రుల్లో రోగులకి ఇచ్చేవారు. పసిపిల్లల కోసం ప్రభుత్వం నడిపిన పాల వంటశాలల్లోనూ ఇచ్చేవారు. దుకాణంలో ఆకుపచ్చ రేకు మూత ఉన్న సీసా కనబడితే అది కెఫిరే.

మరి గింజలిచ్చిన వాళ్ళ సంగతి? 1943 నవంబరు 2న కరాచాయ్ ప్రజలందరినీ, దాదాపు 69 వేల మందిని, ఇళ్ళలోంచి బయటికి లాగి గూడ్సు బండ్లెక్కించారు. జర్మన్ సైన్యానికి సాయపడ్డారని జాతి మొత్తం మీద వేసిన నింద అది. నిజానికి ఆ ఇళ్ళ మగవాళ్ళలో చాలామంది అదే సమయంలో ఎర్రసైన్యంలో జర్మన్లతోనే పోరాడుతున్నారు. అందుకే బండ్లలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. నాలుగు నెలల తర్వాత బల్కార్ల వంతు. 37 వేల మంది. ఆ రోజు తేదీ 1944 మార్చి 8, సోవియట్ దేశం ఏటా మహిళా దినోత్సవం జరుపుకునే రోజు. కజకిస్తాన్, కిర్గిజియా మైదానాలకి చేర్చారు. ఆకలితో, చలితో, టైఫస్‌తో వేలమంది పోయారు. దేశపటం మీద వాళ్ళ ప్రాంతాల పేర్లు కూడా తీసేశారు.

1957లో తిరిగి రానిచ్చారు. వెళ్ళేటప్పుడు చంకలో ఉన్న పాప వచ్చేటప్పటికి పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్ల. సొంత కొండల్ని ఊహ తెలిశాక అదే మొదటిసారి చూడడం. కెఫిర్‌ని ఆ పిల్ల ఇంట్లో పిలిచే పేరు వేరు: గిపీ అయ్రాన్.