పాత ట్రాక్టర్లలో హైడ్రాలిక్ మీటల గుర్తింపు

వ్యవసాయ ట్రాక్టరు వెనుక తగిలించిన నాగలి, గొర్రు వంటి పనిముట్లను పైకెత్తడానికి, కిందికి దించడానికి, నేలలో వాటి లోతును నియంత్రించడానికి ఉపయోగపడే మీటలను హైడ్రాలిక్ మీటలు అంటారు. 1930ల నుండి 1960ల వరకు తయారైన ట్రాక్టర్లలో ఈ మీటల సంఖ్య, అమరిక ఒక్కొక్క తయారీలో ఒక్కొక్క విధంగా ఉండేవి. కాలక్రమంలో మీటల పక్కనున్న అక్షరాలు చెరిగిపోవడం, పలుమార్లు రంగు వేయడం, తరువాతి యజమానులు అదనపు కవాటాలు బిగించుకోవడం వల్ల ఏ మీట దేనికో తెలియని పరిస్థితి ఏర్పడుతుంది. అందుచేత మీట ఉన్న చోటును లేదా దాని రంగును బట్టి కాక, అది లోపల దేనితో కలిసి ఉన్నదో, కదిపినపుడు లిఫ్టు ఎలా స్పందిస్తుందో చూసి గుర్తించడం సరైన పద్ధతి.

పనిచేసే సూత్రం

హైడ్రాలిక్ లిఫ్టు పాస్కల్ సూత్రంపై ఆధారపడి పనిచేస్తుంది. మూసి ఉన్న ద్రవంపై కలిగించిన పీడనం అన్ని దిక్కులకు సమానంగా వ్యాపిస్తుంది. ఇంజను శక్తితో తిరిగే పంపు చమురును సిలిండరులోకి నెడుతుంది. ఆ చమురు పిస్టనును తోయగా, పిస్టను లిఫ్టు చేతులను పైకెత్తుతుంది. ఉదాహరణకు చదరపు అంగుళానికి 2,000 పౌండ్ల పీడనం 5 చదరపు అంగుళాల వైశాల్యమున్న పిస్టనుపై పనిచేస్తే 10,000 పౌండ్ల బలం పుడుతుంది. డ్రైవరు చేతిలోని మీట ఈ బరువును ఎత్తదు. చమురు దారిని తెరిచే, మూసే చిన్న కవాటాన్ని మాత్రమే కదుపుతుంది.

చారిత్రక నేపథ్యం

ఐర్లండులో జన్మించిన ఇంజనీరు హ్యారీ ఫెర్గూసన్ (1884-1960) 1920లలో, నేల చూపే ప్రతిఘటనను బట్టి పనిముట్టు లోతు దానంతటదే సర్దుకునే పద్ధతిని రూపొందించి పేటెంటు పొందాడు. ఈ పద్ధతితో ఫెర్గూసన్-బ్రౌన్ ట్రాక్టరు 1936లో మార్కెట్లోకి వచ్చింది. హెన్రీ ఫోర్డుతో 1938లో కుదిరిన ఒప్పందం ఫలితంగా 1939లో అమెరికాలో ఫోర్డ్ 9ఎన్ వెలువడింది. ఇంగ్లండులోని కోవెంట్రీలో 1946 నుండి 1956 వరకు ఫెర్గూసన్ టి.ఇ.20 రకం ట్రాక్టర్లు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. దాని తరువాత వచ్చిన ఫెర్గూసన్ 35 కొద్దికాలానికే మాసీ ఫెర్గూసన్ 35 అయింది. ఇతర సంస్థలు వేరు పద్ధతులను అనుసరించడంతో మీటల అమరికలో ఏకరూపత లోపించింది.

మీటల రకాలు

పొజిషన్ కంట్రోల్ మీట: మీటను ఎంత కదిపితే లిఫ్టు చేతులు అంత ఎత్తుకు వెళ్ళి అక్కడే నిలుస్తాయి. మీట స్థానం, పనిముట్టు ఎత్తు ఒకదానినొకటి అనుసరిస్తాయి.

డ్రాఫ్ట్ కంట్రోల్ మీట: ఇది ఎత్తును కాక, లాగుడు బలాన్ని నిర్ణయిస్తుంది. నాగలి గట్టి నేలను తాకినపుడు టాప్ లింకు ముందుకు నొక్కబడి ఒక స్ప్రింగును కదిలిస్తుంది. ఆ కదలిక కవాటానికి చేరి నాగలిని కొద్దిగా పైకెత్తుతుంది. నేల మెత్తబడగానే నాగలి తిరిగి దిగుతుంది.

బాహ్య కవాటపు మీట: ట్రాలీని పైకెత్తే సిలిండరు వంటి వాటికి గొట్టాల ద్వారా చమురును పంపుతుంది. సాధారణంగా చేయి వదలగానే స్ప్రింగు బలంతో మధ్యకు వస్తుంది.

పి.టి.ఓ. మీట: ఇది హైడ్రాలిక్ మీట కాదు. అయినా అనేక పాత ట్రాక్టర్లలో ఇది వేయనిదే పంపు తిరగదు.

కొన్ని ప్రసిద్ధ నమూనాలు

ఫెర్గూసన్ టి.ఇ.20లో లిఫ్టుకు సీటు కుడిపక్కన ఒకే మీట ఉంటుంది. ఇది డ్రాఫ్ట్ పద్ధతిలో పనిచేస్తుంది. పొజిషన్ కంట్రోల్ లేదు. పంపును పి.టి.ఓ. షాఫ్టు తిప్పుతుంది కనుక ఎడమవైపునున్న పి.టి.ఓ. మీట వేసి ఉండాలి. క్లచ్ తొక్కితే పంపు ఆగిపోతుంది. ఈ సంగతి తెలియక లిఫ్టు చెడిపోయిందని భావించడం కద్దు.

1947 నుండి 1952 వరకు తయారైన ఫోర్డ్ 8ఎన్‌లో ప్రధాన మీటతో పాటు సీటు కింద కుడివైపున మరొక చిన్న మీట ఉంటుంది. ఇది పనిముట్టును ఎత్తదు. లిఫ్టు పొజిషన్ పద్ధతిలో పనిచేయాలా, డ్రాఫ్ట్ పద్ధతిలో పనిచేయాలా అన్నది ఎంచుకుంటుంది.

మాసీ ఫెర్గూసన్ 35లో సీటు కుడిపక్కన వంపు తిరిగిన రెండు పట్టీల వెంట రెండు మీటలు కదులుతాయి. ఒకటి పొజిషన్ కంట్రోల్, రెండవది డ్రాఫ్ట్ కంట్రోల్. పొజిషన్ మీట కింది భాగంలో లిఫ్టు దిగే వేగాన్ని తగ్గించే, పెంచే విభాగం ఉంటుంది. పై చివర నిరంతర పంపింగు స్థానం ఉంటుంది. ఇది బాహ్య సిలిండర్లకు చమురు పంపడానికి ఉద్దేశించినది. అవసరం లేనపుడు మీటను అక్కడే ఉంచితే చమురు రక్షణ కవాటం గుండా బలవంతంగా పోయి వేడెక్కుతుంది.

గుర్తించే విధానం

1. ట్రాక్టరును చదునైన నేలపై నిలిపి, పనిముట్టును నేలకు దించి, ఇంజను ఆపి, బ్రేకు వేయాలి.

2. నమూనా పేరు, క్రమసంఖ్య ఉన్న పలకను, పోత భాగాలపైనున్న అంకెలను రాసుకోవాలి. వాటిని బట్టి ఆ నమూనాకు చెందిన వాడుక పుస్తకాన్ని సంపాదించవచ్చు.

3. ప్రతి మీట కిందనున్న కడ్డీ ఎటు వెళ్తున్నదో చూడాలి. సీటు కిందనున్న లిఫ్టు పెట్టెలోకి వెళ్తే అది పొజిషన్, డ్రాఫ్ట్ లేదా ఎంపిక మీట. రబ్బరు గొట్టాలున్న కవాటానికి వెళ్తే బాహ్య మీట. గేరు పెట్టె పక్కకు వెళ్తే బహుశా పి.టి.ఓ. మీట.

4. తేలికైన పనిముట్టును తగిలించి, సమీపంలో ఎవరూ లేరని చూసుకొని, పి.టి.ఓ.కు వేరే యంత్రమేదీ కలిపి లేదని నిర్ధారించుకొని, డ్రైవరు సీటులో కూర్చుని ఇంజనును నెమ్మదిగా నడపాలి. ఒక్కసారి ఒక్క మీటనే కొద్దికొద్దిగా కదపాలి.

5. లిఫ్టు చేతులు మీటను అనుసరించి మధ్యలో నిలిస్తే అది పొజిషన్ మీట. మధ్యలో నిలవక పూర్తిగా పైకి లేదా పూర్తిగా కిందికి పోతే డ్రాఫ్ట్ మీట కావచ్చు. నేలలో భారం లేనపుడు దానికి సంకేతం అందదు కనుక ఇలా జరుగుతుంది. దీనిని పొలంలో దున్ని చూసి నిర్ధారించుకోవాలి.

6. తెలిసిన ఫలితాన్ని వెంటనే మీట పక్కన రాసి అంటించాలి.

ప్రమాదాలు, జాగ్రత్తలు

ఇంజను ఆపినంత మాత్రాన పైకెత్తిన పనిముట్టు సురక్షితం కాదు. అది సిలిండరులో చిక్కుకున్న చమురు ఆధారంగా మాత్రమే నిలిచి ఉంటుంది. ఇంజను నడవకపోయినా మీటను దించితే కవాటం తెరుచుకుని పనిముట్టు కిందపడుతుంది. మీట ఏదో తెలియక కదిపి చూసేవారి వల్ల, ఆటలాడే పిల్లల వల్ల కింద ఉన్నవారి ప్రాణాలకు ముప్పు కలుగుతుంది. కావున పైకెత్తిన పనిముట్టు కింద గట్టి ఆధారం లేకుండా ఎవరూ దూరరాదు.

చమురు కారుతున్న సన్నని రంధ్రాన్ని చేతితో తడిమి వెదకరాదు. అధిక పీడనంతో వెలువడే ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. గాయం సూది గుచ్చినంతగానే కనిపించినా తక్షణం శస్త్రచికిత్స అవసరం కావచ్చు. అట్టముక్కను అడ్డుపెట్టి, దానిపై పడే మరకను బట్టి రంధ్రాన్ని కనుగొనాలి.

తెలుగు ప్రాంతాల్లో

1960లో మద్రాసులో స్థాపించబడిన టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ సహకారంతో ట్రాక్టర్లను తయారుచేయడం వల్ల, ఈ రెండు మీటల పద్ధతి ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రైతులకు కూడా పరిచితమే. మెట్ట భూముల్లో గట్టిదనం మారే నేలను దున్నేటపుడు డ్రాఫ్ట్ కంట్రోల్ ఉపకరిస్తుంది. నీరు పెట్టిన మడిలో దమ్ము చేసేటపుడు నేల ప్రతిఘటన తక్కువ కనుక పొజిషన్ కంట్రోల్ అనువుగా ఉంటుంది. రెండు మీటలకు తేడా తెలియక దుక్కిలో డ్రాఫ్ట్‌కు బదులు పొజిషన్ కంట్రోల్‌ను వాడితే, గట్టి నేల తగిలినపుడు నాగలి పైకి లేవక ఇంజనుపై భారం పెరుగుతుంది, చక్రాలు జారి డీజిలు వృథా అవుతుంది.

ఇవి కూడా చూడండి

ట్రాక్టరు
నాగలి
పాస్కల్ సూత్రం
హ్యారీ ఫెర్గూసన్