సూది మొన చెప్పిన సాక్ష్యము

పెద్దల కాలపు స్ఫటికపు రేడియోలో గెలీనా రాతిని తాకు సన్నని తీగ మొన యుండెడిది. అట్టి గెలీనా గ్రాహకమునకు జగదీశచంద్ర బోసు 1904లో అమెరికా పేటెంటు పొందెను. ఆ మొన కథ ముగిసినదని బాన్సువాడలోని మన శ్రోతలు తలచవచ్చును. అది ముగియలేదు.

1911లో కామర్లింగ్ ఓన్స్ అతిశీతల పాదరసములో విద్యున్నిరోధము మాయమగుట కనుగొనెను. అట్టి అతివాహకములలో ఎలక్ట్రానులు జంటలుగా నడచును. సామాన్య లోహపు మొనను తాకించి స్వల్ప వోల్టేజి నిచ్చినచో, ఒంటరి ఎలక్ట్రానుకు లోపల చోటు లేదు. తోడును కూర్చుకొనియే ప్రవేశింపవలెను. ఈ మర్మమును 1964లో ఆండ్రేయెవ్ వివరించెను. వోల్టేజిని పెంచుచు ప్రవాహమును కొలిచినచో, జంటను విడదీయు శక్తి తెలియును.

ఇట్రియము, నికెలు, బోరాను, కార్బనుల మిశ్రమములో అతివాహకత్వమును 1994లో బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థవారు ప్రకటించిరి. ఆ సంస్థవారే 2004లో అట్టి స్ఫటికమును రెండు దిక్కుల నుండి మొనతో పరీక్షించిరి. ఒక దిక్కున కనుగొనిన శక్తి, వేరొక దిక్కునకంటె 4.5 రెట్లు! జంటల బంధము అన్ని దిక్కులను సమానమను సామాన్య భావన ఇచట చెల్లలేదు.

పాత పనిముట్టును పారవేయుటకు ముందు, దానిని క్రొత్త ప్రశ్న అడిగితిమా యని మనము విచారింతము.